మన కవి రాసిందంతా ఒక్కచోటికి తేవాలంటే: సమగ్ర సంపుటి ఎలా తయారు చేయాలి

మీ నాన్నగారో, తాతగారో, మీకు పాఠం చెప్పిన మాస్టారో కవి. ఆయన పోయి ఏళ్లయింది, పుస్తకాలు ఎక్కడా దొరకడం లేదు, శతజయంతి దగ్గర పడుతోంది. "అన్నీ కలిపి సమగ్ర సంపుటి వేద్దాం" అని ఎవరో అంటారు, అందరూ సరేనంటారు. ఆ తర్వాత మామూలుగా ఏం జరుగుతుందంటే, ఇంట్లో ఉన్న నాలుగు పుస్తకాలు డీటీపీకి (కంప్యూటర్లో టైపు చేసి పేజీలు కట్టే పనికి) ఇచ్చేస్తారు, పెద్దల చేత ముందుమాటలు రాయిస్తారు, హాలు బుక్ చేస్తారు, ఆవిష్కరణ రోజు పొద్దున్నే ప్రెస్సు నుంచి కట్టలు దిగుతాయి. అసలు ఏమీ రాకపోవడం కన్నా ఇది నయమే. కానీ ఇరవై ఏళ్ల తర్వాత ఆ కవిని శ్రద్ధగా చదవాలనుకునే కుర్రాడికి, ఆయన మీద పరిశోధన మొదలుపెట్టే అమ్మాయికి ఆ పుస్తకం సగమే ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఏ కవిత ఎప్పుడు రాశారో, మొదట ఎక్కడ అచ్చయిందో, మధ్యలో ఏం మారిందో అందులో ఉండదు. నా లెక్కలో సమగ్ర సంపుటికి ఉండాల్సిన మొదటి గుణం అదే. ప్రతి కవిత కిందా దాని పుట్టుక వివరం ఉండాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

కాబట్టి డీటీపీ దగ్గర మొదలుపెట్టకండి. పట్టిక దగ్గర మొదలుపెట్టండి. కంప్యూటర్లో ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి ఒక్కో కవితకి ఒక్కో వరస ఇవ్వండి: శీర్షిక, మొదటి పాదం, చివరి పాదం, ఏ పత్రిక, ఏ సంచిక, ఏ పేజీ, ఏ కలం పేరుతో, తర్వాత ఏ పుస్తకంలో చేరింది, చేతిరాత ప్రతి ఉందా లేదా, మీరు కళ్లారా చూశారా లేక ఎవరో చెబితే రాసుకున్నారా. ఈ చివరి గడి చాలా ముఖ్యం. చూసిందీ విన్నదీ కలిసిపోతే తర్వాత విడదీయడం దాదాపు అసాధ్యం. శీర్షిక ఒక్కటే నమ్ముకుంటే కుదరదు, పత్రికలో ఒక పేరుతో వచ్చిన కవిత పుస్తకంలో ఇంకో పేరుతో చేరుతుంది, కొన్నిసార్లు "గేయం" అనో "ఖండిక" అనో తప్ప అసలు పేరే ఉండదు. మొదటి పాదం కూడా మారుతుంది, అందుకే చివరి పాదం గడి కూడా పెట్టమన్నాను.

తేదీల దగ్గర కాస్త ఆగాలి. రాసిన తేదీ, అచ్చయిన తేదీ రెండూ ఒకటి కావు. గురజాడ "దేశమును ప్రేమించుమన్నా" రాసింది 1910లో, కృష్ణా పత్రికలో అచ్చయింది 1913 ఆగస్టులో. మధ్యలో మూడేళ్లు. మీ పట్టికలో ఈ రెండింటికీ వేరువేరు గడులు ఉండాలి, రాసిన తేదీ తెలియకపోతే ఖాళీగా వదిలేయండి, అచ్చయిన తేదీని అక్కడ పెట్టేయకండి. ఇంకో చిక్కు పాత పత్రికలతో, పాత చేతిరాత ప్రతులతో వస్తుంది. చాలా వాటి మీద తెలుగు సంవత్సరం పేరు, మాసం ఉంటాయి. ప్రభవ సంవత్సరం 1927 ఉగాదికి మొదలై 1928 ఉగాదికి ముందు ముగుస్తుంది కదా, కాబట్టి "ప్రభవ ఫాల్గుణం" అంటే 1928 తొలి నెలలే తప్ప 1927 కాదు. పైగా అదే ప్రభవ అరవై ఏళ్లకి, 1987లో మళ్లీ వచ్చింది. కవి జీవితకాలం, పత్రిక నడిచిన కాలం పక్కన పెట్టుకుని చూస్తే ఏ ప్రభవో తేలిపోతుంది గానీ, చూడకుండా రాసేస్తే పరిశోధకుడు అరవై ఏళ్లు పక్కకి పోతాడు.

ఇక వెతుకులాట. ఇంట్లోంచే మొదలుపెట్టండి: డైరీలు, ఉత్తరాలు, పెళ్లి శుభాకాంక్షల పద్యాలు, కాలేజీ సావనీర్లు, ఇతరుల పుస్తకాలకి రాసిన ముందుమాటల్లో ఇరికిన పద్యాలు, స్మారక సంచికలు. పాత కవర్ల వెనకాల, పంచాంగం మార్జిన్లలో రాసుకున్నవి కూడా ఉంటాయి. ఏ కాగితాన్నీ మీరు చదవలేకపోతున్నారని పారేయకండి, ముందు ఫొటో తీయండి. స్నేహితులకి రాసిన ఉత్తరాల్లో తరచుగా కవిత మొదటి రూపం దొరుకుతుంది, అందుకని ఆయన తరం వాళ్లు ఎవరైనా బతికుంటే ముందు వాళ్ల ఇళ్లకి వెళ్లండి. లైబ్రరీ రేపు కూడా ఉంటుంది.

పత్రికల కోసం మన దగ్గర మంచి చోట్లే ఉన్నాయి. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం, రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం, గుంటూరులో అన్నమయ్య గ్రంథాలయం, హైదరాబాద్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. చెన్నైలో కన్నెమరా లైబ్రరీని మర్చిపోవద్దు, ఉమ్మడి మద్రాసు కాలంలో అచ్చయిన తెలుగు పుస్తకాలు మనకి ఇక్కడ దొరకనివి అక్కడ ఉంటాయి. 1954 చట్టం వచ్చిన తర్వాత అచ్చయిన పుస్తకాలైతే కలకత్తా నేషనల్ లైబ్రరీలో కూడా అడగాలి, ప్రచురణకర్తలు అక్కడికి ఒక ప్రతి పంపాలన్నది ఆ చట్టంలోని నియమం. ఇంట్లో కూర్చుని వెతకాలంటే ప్రెస్ అకాడమీ వాళ్లు స్కాన్ చేయించిన పాత పత్రికలు, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు ఉన్నాయి. వాటిలో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాల స్పెల్లింగులతో ఎక్కించి ఉంటాయి, అందుకని ఒకే పేరుని నాలుగైదు రకాలుగా టైప్ చేసి వెతకండి.

ఏ పత్రికలు చూడాలన్నది కవి కాలాన్ని బట్టి, ఊరిని బట్టి, రాజకీయాన్ని బట్టి ఉంటుంది. 1924 నుంచి 1991 దాకా నడిచిన భారతిని ఎలాగూ చూడాలి. తెలంగాణ కవి అయితే 1926లో మొదలైన గోలకొండ పత్రిక, విప్లవ కవి అయితే సృజన, అరుణతార. వీటితో పాటు ఆ కవి ఉన్న జిల్లాలో నడిచిన చిన్న పత్రికలు, అవి రెండేళ్లే బతికి ఉండొచ్చు. పత్రిక చూసేటప్పుడు విషయసూచిక చూసి వదిలేయకుండా పేజీలు తిప్పండి. పేజీ అడుగున ఖాళీ మిగిలితే నింపడానికి వేసిన నాలుగు పాదాల ముక్కలు విషయసూచికలో ఉండవు. కలం పేర్ల విషయంలో మాత్రం తొందరపడొద్దు. శైలి ఒకేలా ఉందని వేరే పేరుతో ఉన్న కవితని మన కవి ఖాతాలో వేయకూడదు, ఉత్తరమో డైరీయో పుస్తకంలో మళ్లీ అచ్చవడమో ఏదో ఒక ఆధారం కావాలి. వేమన సంగతి చూడండి. బ్రౌను దొర రాతప్రతులు పోగుచేసి, పండితుల చేత సరిపోల్పించి 1829లో వేసిన పుస్తకంలో 693 పద్యాలు ఉంటే 1839 నాటి కూర్పులో అవి 1164 అయ్యాయి. మకుటం ఉందని చేరిన పద్యాల్లో ఏవి వేమనవి, ఏవి కావు అనే వాదన ఇప్పటికీ తేలలేదు. అనుమానం ఉన్నవాటిని పారేయనక్కర్లేదు, పుస్తకం చివర "ఆయనవేనని చెబుతున్నవి" అని విడిగా పెట్టి ఎవరు ఎందుకు చెబుతున్నారో రాయండి చాలు.

వెతుకుతూనే హక్కుల సంగతి కూడా చూసుకోవాలి, ప్రెస్సుకి వెళ్లే ముందు రోజు కాదు. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాతి ఏడాది మొదటి నుంచి లెక్కేసి 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకి 2043 చివరి దాకా, 1966లో పోయిన తిలక్ బతికుండగా అచ్చయిన వాటికి 2026 చివరి దాకా. "బతికుండగా అచ్చయిన" అన్నది గుర్తుంచుకోండి. కవి పోయాక మొదటిసారి అచ్చయిన రచనకి లెక్క వేరు, ఆ అచ్చయిన ఏడాది తర్వాత నుంచి 60 ఏళ్లు. అంటే మీ డ్రాయర్లో దొరికిన చేతిరాత కవితని మీరు ఇప్పుడు వేస్తే దాని గడియారం ఇప్పుడు మొదలవుతుంది. వారసులు నలుగురుంటే నలుగురి సంతకాలూ కావాలి, అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోన్లో "వేసేయండి అంకుల్" అన్నాడని ఊరుకోవద్దు. కాగితం మీద హక్కు ఎన్నేళ్లకో, ఏ దేశాలకో, ఈ-బుక్ కూడానా కాదా స్పష్టంగా రాయించండి. కాలవ్యవధి రాయకపోతే అయిదేళ్లే అని, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని చట్టం అనుకుంటుంది. సినిమా పాటలు వేయాలనుకుంటే అది వేరే పని, వాటి హక్కులు చాలావరకు నిర్మాతల దగ్గరో ఆడియో కంపెనీల దగ్గరో ఉంటాయి.

ఇప్పుడు అసలు కష్టమైన ప్రశ్న. ఒకే కవితకి మూడు రూపాలు దొరికాయి: పత్రికలోది, మొదటి పుస్తకంలోది, రెండో ముద్రణలో కవి స్వయంగా దిద్దింది. ఏది వేయాలి? నేనైతే కవి బతికుండగా తన కళ్లతో చూసి ఒప్పుకున్న చివరి రూపాన్ని పాఠంగా తీసుకుని, మిగతా రూపాల్లో తేడాలు పుస్తకం వెనక పాఠాంతరాలుగా ఇవ్వమంటాను. ఒకటి మాత్రం వద్దు: మూడింటిలోంచీ మనకి నచ్చిన పాదాలు ఏరుకుని నాలుగో కవిత తయారు చేయడం. అది కవి రాయని కవిత అవుతుంది. మార్పులు మరీ ఎక్కువగా ఉంటే రెండు రూపాలూ పూర్తిగా వేయాలి. గురజాడ కన్యాశుల్కం 1897 నాటిది వేరు, 1909 నాటిది వేరు అన్నట్టే కొన్ని కవితలు కూడా మళ్లీ రాసినప్పుడు కొత్త రచనలే అవుతాయి. ఇక కవి పోయాక వచ్చిన ముద్రణల్ని పాఠానికి ఆధారంగా తీసుకోకండి. వాటిలో మార్పు కనిపిస్తే అది కంపోజిటర్ చేసిందో, సంపాదకుడు చేసిందో మనకి తెలియదు.

వచన కవిత్వానికి ఇంకో సమస్య ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. పత్రికల్లో కాలమ్ సన్నగా ఉంటుంది. కవి ఒకే పాదంగా రాసింది అక్కడ పట్టక కిందికి విరుగుతుంది. ఆ విరుపుని మనం కవి విరుపే అనుకుని అలాగే దించితే కవిత లయ మారిపోతుంది. విరిగిన ముక్క కాస్త లోపలికి జరిగి ఉంటే అది పాదం కొనసాగింపు అని అర్థం, కానీ అన్ని ప్రెస్సులూ ఆ జాగ్రత్త తీసుకోలేదు. చేతిరాత ప్రతి ఉంటే దాన్ని బట్టి, లేకపోతే అదే కవి పుస్తకంలో వెడల్పు పేజీ మీద ఎలా విరిచాడో చూసి తేల్చుకోవాలి. అలాగే ఖండికల, అంటే ఒకే కవితలోని భాగాల, మధ్య ఖాళీ. ఒక ఖండిక సరిగ్గా పేజీ అడుగున ముగిసి తర్వాతది కొత్త పేజీలో మొదలైతే, మధ్యలో ఖాళీ ఉందో లేదో పుస్తకం చెప్పదు. ఒక ముద్రణలో పేజీ చివర పోయిన ఖాళీ తర్వాతి ముద్రణల్లో శాశ్వతంగా పోతుంది. మీ పుస్తకంలో అలాంటి చోట చిన్న గుర్తు పెట్టండి, లేదా వెనక నోట్సులో "ఫలానా పేజీ చివర ఖాళీ ఉంది" అని రాయండి.

ప్రూఫుల దగ్గర ఎంత సమయం పెట్టినా తక్కువే. స్కాన్ పేజీల నుంచి ఓసీఆర్‌తో అక్షరాలు లాగితే టైపింగ్ పని తగ్గుతుంది, కానీ థ–ధ, ప–వ, మ–వు తారుమారవుతాయి, వత్తులు ఎగిరిపోతాయి. తప్పు మాట అయితే కంటికి తగులుతుంది. "పాడు" "వాడు" అయినప్పుడు మాత్రం రెండూ మంచి తెలుగు మాటలే కాబట్టి తప్పు హాయిగా దాక్కుంటుంది. పద్యమైతే ఛందస్సు కాపలా కాస్తుంది. గణం సరిపోలేదంటే, యతి చెల్లలేదంటే, ప్రాస తప్పిందంటే అక్కడ అచ్చుతప్పు ఉందేమో చూడాలి, అందుకని ఛందస్సు తెలిసిన ఒకరి చేత పద్యాలన్నీ గణవిభజన చేయిస్తూ చదివించండి. వచన కవితకి ఆ కాపలా లేదు. దానికి ఉన్న ఒకే దారి, ఒకరు మూలప్రతి చేతిలో పట్టుకుని పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టుకుని వినడం. కామా, డాష్, ఆశ్చర్యార్థకం కూడా పైకి పలకాలి. విసుగు పుట్టే పనే, కానీ దీనికి బదులు వేరే ఉపాయం నాకు కనిపించలేదు. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తరహా డీటీపీ ఫాంట్లలో) ఉన్న పాత ఫైలు దొరికింది కదా, యూనికోడ్‌లోకి మార్చేస్తే సరిపోతుంది అనుకుంటారు. మార్చాక కూడా ఇదే తరహాలో మొదటి నుంచి చివరి దాకా చదవాల్సిందే.

స్పెల్లింగులు "సరిచేయొద్దు". అరసున్నాలు, బండి ఱ, "వ్రాసి", "వచ్చినాఁడు" లాంటివి కవి వాడితే వాడినట్టే ఉంచండి. ఒకే కవి 1930లో "వ్రాసి" అని, 1960లో "రాసి" అని రాసి ఉంటే అది కూడా ఆయన ప్రయాణంలో భాగమే, దాన్ని చదును చేసేస్తే పోయేది మనకే. మాండలికానికి కూడా అంతే. నెల్లూరు మాటనో, వరంగల్ మాటనో డీటీపీ ఆపరేటర్ తెలియక "దిద్దేస్తాడు", అందుకని అలాంటి మాటల జాబితా ముందే రాసి ఆయన టేబుల్ మీద పెట్టండి. నిశ్చయంగా అచ్చుతప్పే అయినవి దిద్దండి, దిద్దినవన్నీ వెనక ఒక చోట చెప్పండి.

కవితల్ని ఏ వరసలో పెట్టాలన్నది రుచిని బట్టి కూడా ఉంటుంది. కవి తన పుస్తకాన్ని శ్రద్ధగా కూర్చుకున్నవాడైతే ఆ పుస్తకాన్ని విడగొట్టకండి. మహాప్రస్థానం 1950లో పుస్తకంగా వచ్చింది, అందులో కవితలు దాదాపు అన్నీ 1930లలోవి, వాటిని తేదీల ప్రకారం పేర్చితే పరిశోధకుడికి ఉపయోగమే గానీ పాఠకుడికి తెలిసిన పుస్తకం మాయమవుతుంది. కాబట్టి పుస్తకాలు పుస్తకాలుగా, అవి వచ్చిన వరసలో, వాటి అసలు ముందుమాటలు, అంకితాలతో సహా. పుస్తకాల్లో చేరనివి ఆ తర్వాత తేదీల ప్రకారం. వీటన్నిటి చివర ఒక్క పట్టికలో మొత్తం కవితల కాలక్రమం ఇస్తే ఇద్దరికీ పని జరుగుతుంది. కొత్త ముందుమాటలు మాత్రం ఒక్కటి చాలు, అది కూడా పొగడ్తగా కాక ఏ ప్రతులు చూశారో, ఏ నియమాలతో కూర్చారో, ఏ పత్రికల ఏ సంచికలు ఎంత వెతికినా దొరకలేదో చెప్పేలా ఉండాలి.

ఏమేం చేర్చాలన్న దగ్గర ఇంట్లో గొడవలు వస్తాయి. తొలినాళ్ల బలహీనమైన పద్యాలు వద్దంటారు, ఫలానా నాయకుణ్ణి పొగిడిన గేయం వద్దంటారు, ఎవరికో రాసిన ప్రేమకవిత అసలే వద్దంటారు. అచ్చయిన కవిత ఏదైనా సరే చేరాల్సిందే అని నా అభిప్రాయం. శ్రీశ్రీ పద్దెనిమిదేళ్లకి వేసిన "ప్రభవ" చదివితేనే ఆయన ఎక్కణ్ణుంచి ఎక్కడికి వచ్చాడో తెలుస్తుంది. అచ్చు కాని కవితని కవి "ఇది వేయొద్దు" అని రాసి పెట్టి ఉంటే మాత్రం ఆ మాట మన్నించాలి. సొంత ఉత్తరాలు వేయాలంటే అందులో పేర్లున్న వాళ్లు బతికున్నారా, వాళ్లకి అభ్యంతరం ఉందా అని అడగడం మర్యాద. అన్నీ దొరికాయని ఎప్పుడూ ఒట్టు పెట్టుకోలేం. మనసు ఫౌండేషన్, ఎమెస్కో కలిసి 2012లో తెచ్చిన "గురుజాడలు" మీద "సర్వలభ్య రచనల సంకలనం" అని వేశారు. దొరికినవన్నీ అని. మీ పుస్తకం మీద కూడా అలాంటి మాటే వేయండి.

సూచికలు లేకుండా పుస్తకం ప్రెస్సుకి పంపొద్దు. శీర్షికల అకారాది, మొదటి పాదాల అకారాది రెండూ కావాలి. మనలో ఎక్కువమందికి కవిత పేరు గుర్తుండదు, ఎత్తుగడ గుర్తుంటుంది. పేజీ నంబర్లు మారకుండా ఖాయమయ్యాకే సూచిక చేయాలి కాబట్టి దానికి ముందే సమయం కేటాయించండి, ఆవిష్కరణ తేదీ ఒత్తిడిలో మొదట ఎగిరిపోయేది ఎప్పుడూ సూచికే.

ముద్రణ సంగతి క్లుప్తంగా. డెమ్మీ సైజులో వెయ్యి పేజీల ఒకే సంపుటం బీరువాలో బాగుంటుంది, చేత్తో పట్టుకుని చదవడానికి బాగుండదు, అయిదేసి వందల పేజీల రెండు సంపుటాలు మేలు. కుట్టు బైండింగ్ చేయించండి, జిగురు బైండింగ్ లావు పుస్తకాన్ని ఎక్కువ కాలం పట్టి ఉంచదు. వెయ్యి కాపీలు వేసి మంచాల కింద పేర్చుకునే కన్నా మూడు వందలు వేసి, తర్వాత డిజిటల్ ప్రింటింగ్‌లో కావలసినన్ని వేయించుకోవచ్చు. ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) కోసం రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాలి, డబ్బు కట్టనక్కర్లేదు. ఆవిష్కరణలో శాలువాలకి పెట్టే ఖర్చులో కొంత తీసి పైన చెప్పిన లైబ్రరీలన్నిటికీ, యూనివర్సిటీల తెలుగు శాఖలకీ ఒక్కో సెట్ స్పీడ్ పోస్టులో పంపండి. వారసులు ఒప్పుకుంటే యూనికోడ్ పాఠాన్ని, మీరు వాడిన పత్రికల స్కాన్లని కూడా ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టండి. పుస్తకంలో ఒక ఈమెయిల్ ఇచ్చి, తప్పులూ దొరకని కవితలూ తెలిస్తే రాయమని అడగండి. వచ్చినవి ఆ స్ప్రెడ్‌షీట్‌లోనే, పంపినవాళ్ల పేరుతో సహా, ఎప్పటికప్పుడు ఎక్కించుకుంటూ ఉంటే రెండో ముద్రణకి సగం పని అక్కడే అయిపోతుంది.